తొలకరి ఉసిలిని గాలానికి కట్టడం: విశాఖలో దొరికే సామానుతో ఫ్లై తయారీ

తొలకరి వాన వెలిసిన సాయంత్రం మా అమ్మమ్మ ఇంట్లో లైట్లన్నీ ఆర్పేసేది. వరండాలో ఒక్క బల్బు మాత్రం ఉంచి, దాని కింద పెద్ద పళ్ళెంలో నీళ్ళు పోసి పెట్టేది. కాసేపటికి ఉసిళ్ళు ముసురుకునేవి. బల్బు చుట్టూ తిరిగి తిరిగి పళ్ళెంలో రాలిపడేవి. వాటిని తోడి, చేటలో చెరిగి రెక్కలు వదిలించి, పెనం మీద వేయించి ఉప్పూ కారం చల్లి ఇస్తే పిల్లలందరం మరమరాలతో కలుపుకుని తినేవాళ్ళం.

అప్పుడు నేను గంటల తరబడి ఆ పళ్ళెంలోకే చూస్తూ కూర్చునేవాణ్ణి. నీళ్ళలో పడ్డ ఉసిలి మళ్ళీ లేవలేదు. నాలుగు రెక్కలూ తడికి అతుక్కుపోయి చదునుగా పరుచుకుంటాయి. ఒళ్ళు సగం నీళ్ళలో, సగం పైన. కాళ్ళు మాత్రం కొట్టుకుంటూనే ఉంటాయి. చాలా ఏళ్ళ తర్వాత ఫ్లై కట్టడం నేర్చుకునేటప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది ఆ పళ్ళెమే.

ఫ్లై అంటే తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. వానపాము, పిండి లాంటి ఎర ఏదీ గుచ్చకుండా, వట్టి హుక్ మీద దారం, ఈకలు, పీచు చుట్టి చేపకు పురుగులా కనబడేట్టు చేసేదే ఫ్లై. ఇది కొత్త పని కాదు. మాసిడోనియాలో ఎర్ర ఉన్ని, కోడి ఈకలు హుక్‌కు చుట్టి చేపలు పట్టేవారని దాదాపు 1800 ఏళ్ళ కిందటే ఒక రోమన్ రచయిత రాసిపెట్టాడు. కోడి ఈక అప్పుడూ ముఖ్యమే, ఇప్పుడూ ముఖ్యమే.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఇంటర్నెట్‌లో దొరికే వీడియోల్లో ఎక్కువ భాగం చల్లటి నీళ్ళలో బతికే ట్రౌట్ చేప కోసం చేసినవి. అది తినే మేఫ్లై పురుగు రెక్కలు నిటారుగా ఎత్తుకుని నీటి మీద పడవలా నిలబడుతుంది. నేనూ మొదట్లో అవే బొమ్మలు చూసి, రెక్కలు పైకి నిక్కబొడుచుకున్న ఫ్లైలు డజను పైగా కట్టాను. చూడ్డానికి ముచ్చటగా ఉండేవి. పరిగెలు దగ్గరకొచ్చేవి, కింద ఒక క్షణం ఆగేవి, తిరిగి వెళ్ళిపోయేవి. మా దగ్గర ట్రౌట్ లేదు. మా చెరువుల్లో ఉండేవి పరిగెలు, తిలాపియాలు, గట్ల పక్కన కొర్రమీనులు. వాటికి జూన్‌లో ఆకాశం నుంచి రాలేది ఉసిలి. కాబట్టి ఈ వ్యాసంలో కట్టేది ఉసిలినే, అది కూడా నీటికి అతుక్కుపోయిన ఉసిలిని.

ముందు పురుగును చూడండి

హుక్ ముట్టుకునే ముందు ఒక వాన సాయంత్రం నాలుగు ఉసిళ్ళను పట్టి, గాజు గ్లాసులో నీళ్ళు పోసి అందులో వేయండి. పైనుంచి చూసి సరిపెట్టుకోకండి. గ్లాసును కంటికి పైగా ఎత్తి కింద నుంచి చూడండి. చేప చూసేది అటు నుంచే.

అలా చూస్తే మూడు సంగతులు తెలుస్తాయి. ఒకటి, ఉసిలికి నడుము లేదు. చాలామంది ఉసిలినీ రెక్కల చీమనూ ఒకటే అనుకుంటారు. చీమకు ఉదరం ముందు సన్నగా నొక్కినట్టు ఉంటుంది. ఉసిలి చెదపురుగు జాతి, తల దాటిన దగ్గర నుంచి చివరిదాకా ఒళ్ళు ఒకే తీరున ఉంటుంది. రెండు, రెక్కలు నాలుగూ దాదాపు ఒకే పొడవు. చీమకైతే ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి. మూడు, రెక్కలు ఒంటికంటే బాగా పొడుగు, ఒంటి చివర దాటి చాలా దూరం పోతాయి.

ఇంకో సంగతి కూడా మనసులో ఉంచుకోండి. నీళ్ళ కింద నుంచి చేపకు పైలోకం ఒక గుండ్రటి కిటికీలోంచే కనబడుతుంది. ఆ కిటికీ కోణం సుమారు 97 డిగ్రీలు. దాని అవతల నీటి పైపొర అద్దంలా ఉండి, చెరువు అడుగునే ప్రతిబింబిస్తుంది. పురుగు పడ్డ చోట ఆ అద్దం సొట్ట పడి మెరుస్తుంది. అంటే దూరం నుంచి వచ్చే చేపకు ముందు అందేది సొట్ట, తర్వాత ఆకారం, ఆ తర్వాతే రంగు. అందుకే రంగు కచ్చితంగా కుదరలేదని టెన్షన్ పడక్కర్లేదు. ఫ్లై చదునుగా నీటికి ఆనుకుని కూర్చోవాలి. అది కుదిరితే మిగతావన్నీ మన్నించదగ్గ తప్పులే.

సామాను: సంక్రాంతి నుంచి జూన్ దాకా

ఈ ఫ్లైకి కావలసినవన్నీ ఒకే రోజు ఒకే షాపులో దొరకవు. నాకైతే ఏడాదిలో వేర్వేరు నెలల్లో చేరతాయి.

కోడి ఈకలు కనుమ నాడు దొరుకుతాయి. బ్రాయిలర్ ఈకలు దీనికి పనికిరావు. ఆరు వారాలకే కోసేసే కోడికి మెడ ఈక గట్టిపడే వయసే రాదు. పెట్ట ఈక మెత్తగా ఉండి నీళ్ళు పీల్చుకుంటుంది, మునిగే ఫ్లైలకు అది మంచిది. మనకు కావలసింది ఏడాది దాటిన నాటు పుంజు మెడ ఈక. రంగు డేగ అయితే ఇక వెతకనక్కర్లేదు, ఆ ఎర్ర గోధుమ రంగు ఉసిలి కాళ్ళకు అచ్చంగా సరిపోతుంది. కాకి (నల్ల పుంజు), సేతువ (తెల్ల పుంజు) ఈకలు కూడా దాచుకోండి, వేరే పురుగులకు పనికొస్తాయి. ఒక్క జాగ్రత్త: షాపులో కోడిని వేడినీళ్ళలో ముంచకముందే మెడ ఈకలు పీకి ఇవ్వమని చెప్పాలి. వేడినీళ్ళు తగిలితే ఈక పోగులు మెలిపడొచ్చు. ఇంటికి తెచ్చాక సబ్బునీళ్ళలో కడిగి, నీడన ఆరబెట్టి, కవరులో మూసి వారం రోజులు ఫ్రీజర్‌లో పెట్టండి. పేలూ పురుగులూ చస్తాయి.

ఈక మంచిదో కాదో తెలుసుకోవడానికి ఈనె పట్టుకుని పోగులను వెనక్కి దువ్వండి. పోగులు విడివిడిగా నిలబడి, వేలితో నొక్కితే స్ప్రింగులా తిరిగి లేవాలి. ఈనె దగ్గర మెత్తటి నూగు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

రెక్కలకు పీచు ఫిషింగ్ హార్బర్‌లో దొరికింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం కదా, ఆ రెండు నెలలూ బోట్లు కట్టేసి ఉంటాయి, ఒడ్డున వలలు బాగుచేస్తూ ఉంటారు. కింద పడ్డ తాడు ముక్కలు ఏరుకుంటుంటే ఒక పెద్దాయన చూశాడు.

"ఏటి బాబూ, ఆ ముక్కలు ఏటి సేసుకుంటావు?"

"పురుక్కి రెక్కలు కడతాను తాతా. గాలానికి."

నా చేతిలో ముక్క తీసుకుని పక్కనున్న బకెట్‌లో పడేశాడు. మునిగిపోయింది. తన దగ్గరున్న ఇంకో ముక్క వేశాడు. తేలింది. "అది నైలాను, మునిగిపోద్ది. ఇది తీసుకెల్లు" అన్నాడు. తేలే ఆ తాడు పాలీప్రొపిలీన్‌ది. నీటికంటే తేలిక, నీళ్ళు పీల్చదు. ఫ్లై రెక్కకు అంతకంటే మంచి పీచు నేను చూడలేదు. మీకు ఏది ఏదో తెలియకపోతే ఆ తాత చేసినట్టే బకెట్‌లో వేసి చూడండి. ముక్క పురి విప్పి, పాత దువ్వెనతో పదేపదే దువ్వితే సన్నటి పోగులుగా విడిపోతుంది. తెలుపు, లేత గోధుమ రంగు రెండూ బాగుంటాయి.

ఒంటికి 2 మిల్లీమీటర్ల మందం ఉన్న ఫోమ్ షీట్ కావాలి. పిల్లల క్రాఫ్ట్ పనులకు స్టేషనరీ షాపుల్లో అమ్ముతారు. గోధుమ రంగుది తీసుకోండి. స్పాంజి మాత్రం వద్దు, అది నీళ్ళు తాగుతుంది.

దారం విషయంలో పొదుపు చేయకండి. మామూలు కుట్టు దారం లావు, పది చుట్లకే ఉసిలి తల బఠాణీ అంత అవుతుంది. ఫ్లై కట్టడానికే చేసిన 6/0 లేదా 8/0 దారం ఆన్‌లైన్‌లో వస్తుంది. అది లేనప్పుడు పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల ఫ్యాన్సీ షాపుల్లో దొరికే ఎంబ్రాయిడరీ మెషీన్ దారంతో కట్టాను, పని నడిచింది. కట్టే ముందు దాన్ని కొవ్వొత్తి మీద ఒకసారి లాగితే జారదు.

హుక్ 10వ నంబరు, సన్నటి తీగది. హుక్ నంబర్లలో అంకె పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. పరిగెల కోసమే అయితే 12 తీసుకోండి, వాటి నోరు చిన్నది. మనవైపు షాపుల్లో నంబర్లు కంపెనీకో రకంగా ఉంటాయి కాబట్టి, కాడ, అంటే వంపు మొదలయ్యే దాకా హుక్‌లో తిన్నగా ఉండే భాగం, పొడవు కొలిచి 11, 12 మిల్లీమీటర్లు ఉన్నది ఎంచుకోవడం మేలు. లావు తీగ హుక్‌లు బరువుకు ఫ్లైని ముంచేస్తాయి.

పనిముట్లలో, కట్టేటప్పుడు హుక్‌ను కదలకుండా బిగించి పట్టుకునే వైస్ ఒక్కటే ఖరీదు. కొనలేకపోతే హార్డ్‌వేర్ షాపులో లాక్ అయ్యే ప్లయర్ తెచ్చి, బల్ల అంచుకు సీ క్లాంపుతో బిగించండి. దారం ఉండ పట్టుకునే బాబిన్ హోల్డర్ కొనడం మంచిది, దాని బరువుకు దారం ఎప్పుడూ బిగువుగా వేలాడుతూ ఉంటుంది. ఈక చివర పట్టుకోవడానికి ఎలక్ట్రికల్ షాపులో అమ్మే చిన్న మొసలి క్లిప్పు చాలు. ఇవి కాక పదునైన చిన్న కత్తెర, సూది, రంగులేని నెయిల్ పాలిష్, ఒక చుక్క ఫెవిక్విక్, ఖాళీ బాల్‌పెన్ రీఫిల్.

కట్టడం మొదలు

హుక్ వైస్‌లో పెట్టకముందే మొన దగ్గర ఉండే ఎదురుముల్లును ప్లయర్‌తో నొక్కి చదును చేయండి. చేపను వదిలేటప్పుడు దానికి గాయం తక్కువవుతుంది, మన వేలికి దిగినా సులువుగా వస్తుంది. ముందే ఎందుకంటే, నొక్కేటప్పుడు కొన్ని హుక్‌లు విరుగుతాయి. విరిగితే వట్టి హుక్కే పోవాలి గానీ అరగంట కట్టిన ఫ్లై పోకూడదు.

హుక్‌ను వంపు దగ్గర బిగించండి. కాడ నేలకు సమాంతరంగా ఉండాలి. గోటితో మీటితే టింగుమనాలి, కదిలితే ఇంకాస్త బిగించాలి.

ఇప్పుడు దారం. కుడిచేతి వాటం వాళ్ళకు హుక్ కన్ను, అంటే లైను దూర్చే రంధ్రం, కుడివైపు ఉంటుంది. దారం కొసను ఎడమ చేత్తో పట్టుకుని, కంటికి 2 మిల్లీమీటర్ల వెనక కాడకు ఆనించి, కుడి చేత్తో కాడ మీదుగా అవతలికి, కింద నుంచి మనవైపుకి చుట్టండి. నాలుగు చుట్లు ఎడమవైపుకు పోతూ ఆ కొస మీదనే పడాలి. అప్పుడు దారం తన్ను తానే బిగించుకుంటుంది, ముడి అక్కర్లేదు. మిగిలిన కొస కత్తిరించి, చుట్టు పక్కన చుట్టు పడేట్టు హుక్ వంపు మొదలయ్యే దాకా వెళ్ళండి. కంటి వెనక వదిలిన ఆ 2 మిల్లీమీటర్ల ఖాళీని చివరిదాకా అలాగే కాపాడుకోండి. ఒకసారి నేను దాన్ని పట్టించుకోలేదు. తాటిపూడి వైపు ఒక చెరువు గట్టున, చీకటి పడుతుండగా, నీళ్ళ మీద చేపలు తపతపా ఉసిళ్ళను అందుకుంటుంటే, నా ఫ్లై కంట్లో దారమూ పాలిషూ నిండిపోయి లైను దూరలేదు. సూదితో పొడిచి పొడిచి దారి చేసేసరికి ఉసిళ్ళు ఆగిపోయాయి, చేపలూ ఆగిపోయాయి.

ఒళ్ళు

ఫోమ్‌ను 3 మిల్లీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల పొడవు ముక్కగా కోయండి. ఒక చివర మూలలు కత్తిరించి గుండ్రంగా చేయండి, అది ఉసిలి పొట్ట చివర. దారపు పునాది మీద ఫెవిక్విక్ ఒక్క చుక్క, సూది మొనతో రాసినంత, రాయండి. ఇది లేకపోతే రెండు చేపలకే ఒళ్ళు కాడ చుట్టూ గిర్రున తిరుగుతుంది.

గుండ్రటి చివర హుక్ వంపు దాటి 4 మిల్లీమీటర్లు వెనక్కి వచ్చేట్టు ఫోమ్‌ను కాడ మీద పరచండి. వంపు దగ్గర దారంతో మూడు చుట్లు. మొదటి చుట్టు వదులుగా, రెండోది కొంచెం బిగువుగా, మూడోది గట్టిగా. మొదటి చుట్టుకే లాగితే దారం ఫోమ్‌ను కోసేస్తుంది. ఇక్కడ చెయ్యి నేర్చుకోవలసిన విద్య ఇదొక్కటే, నాలుగైదు ముక్కలు పాడయ్యాక దానంతట అదే వస్తుంది.

ఇప్పుడు ఫోమ్ ముందు భాగాన్ని పైకి ఎత్తి పట్టుకోండి. దారాన్ని ఒట్టి కాడ మీద రెండు మిల్లీమీటర్లు ముందుకు నడిపించండి. ఫోమ్‌ను కిందికి వంచి, రెండు చుట్లతో కట్టండి. మళ్ళీ ఎత్తండి, నడపండి, వంచండి, కట్టండి. ఇలా మూడు కట్లు పడేసరికి కాడలో సగం దాటుతుంది, పొట్ట మీద ఉసిలికి ఉన్నట్టే అడ్డగీతలు పడతాయి. కట్లు లోతుగా పడనివ్వకండి. నడుము నొక్కేస్తే అది చీమ అయిపోతుంది. మిగిలిన ఫోమ్‌ను వెనక్కి మడిచి, బట్టల క్లిప్పుతో పొట్టకు ఆనించి ఉంచండి. దాని పని తర్వాత.

రెక్కలు

ఈ ఫ్లై బాగుండడం, పాడవడం ఇక్కడే.

దువ్విన తాడు పీచులోంచి అగ్గిపుల్ల లావులో సగం ఉండే కట్ట తీయండి. అది తక్కువ అనిపిస్తుంది, నిజానికి చాలా ఎక్కువ. పేపరు మీద పరిచి చూడండి. పీచు కింద అక్షరాలు చదవగలిగితే సరిపోయింది. అక్షరాలు మరుగయితే సగం తీసేయండి. ఉసిలి రెక్కలోంచి వెలుగు పోతుంది, ముద్దగా కట్టిన రెక్కలోంచి పోదు.

కట్టను కాడ మీద అడ్డంగా, ప్లస్ గుర్తులా పెట్టండి. దారం ఒకసారి ఎడమ పైనుంచి కుడి కిందికి, ఇంకోసారి కుడి పైనుంచి ఎడమ కిందికి, 8 అంకె ఆకారంలో నాలుగుసార్లు తిప్పితే అది కదలకుండా నిలుస్తుంది. తర్వాత రెండు వైపులా పీచును వేళ్ళతో వెనక్కి లాగి, రెక్కల ముందు ఆనించి మూడు చుట్లు వేయండి. ఆ చుట్లు రెక్కలను వెనక్కి నెట్టి ఆపుతాయి. పైనుంచి చూస్తే బాణం మొనలా, పక్కనుంచి చూస్తే బల్లపరుపుగా కనబడాలి. పక్కనుంచి చూసినప్పుడు ఒక్క పోగు పైకి లేచినా వేలితో కిందికి నొక్కండి.

పొడవు దగ్గర నేను నిజమైన ఉసిలిని వదిలేస్తాను. దాని రెక్కలు ఒంటికి రెట్టింపు దాకా ఉంటాయి. అంత పొడుగ్గా కడితే విసిరేటప్పుడు ఫ్లై బొంగరంలా తిరిగి లైను చివర మెలికలు పడిపోతుంది. అందుకే ఒంటికి ఒకటింపావు రెట్ల దగ్గరే కత్తిరిస్తాను. ఒళ్ళు 12 మిల్లీమీటర్లయితే రెక్క 15. చేపలు ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు. కత్తెరను అడ్డంగా పెట్టి ఒక్క దెబ్బకు కోయకండి, కొసలు చీపురులా అవుతాయి. కత్తెర నిలువుగా పట్టి కొద్దికొద్దిగా చెక్కితే గుండ్రంగా వస్తాయి.

కాళ్ళు

డేగ ఈకల్లోంచి ఒకటి ఎంచండి. పోగు పొడవు హుక్ కాడకూ మొనకూ మధ్య ఉన్న ఎడానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఈకను వంచి హుక్ పక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. అడుగున ఉన్న నూగంతా పీకేసి, ఒట్టి ఈనెను రెక్కల వెనక, మెరిసే వైపు మనవైపు ఉండేట్టు ఐదారు చుట్లతో కట్టండి. దారాన్ని కంటి వెనక ఖాళీ దాకా తీసుకెళ్ళి వదిలేయండి.

ఈక చివర క్లిప్పుతో పట్టుకుని రెక్కల వెనక రెండు చుట్లు, రెక్కల ముందు రెండు చుట్లు. ప్రతి చుట్టుకూ ముందు చుట్టు పోగులు కింద నలగకుండా, సూదితో వెనక్కి దువ్వుతూ పోవాలి. నాలుగు చాలు. చిత్రాల్లో కనబడే గుబురు ఫ్లైలకు ఎనిమిది, పది చుట్లు ఉంటాయి, అవి నీళ్ళ మీద మునివేళ్ళతో నిలబడతాయి. మనది పడిపోయిన పురుగు. దారంతో మూడుసార్లు బిగించి ఈక కొస కత్తిరించండి.

ఇప్పుడు క్లిప్పు తీసి, మడిచి ఉంచిన ఫోమ్‌ను రెక్కల మధ్య నుంచి ముందుకు లాగి, కంటి వెనక రెండు మిల్లీమీటర్ల దగ్గర కట్టండి. మళ్ళీ వదులు, బిగువు, గట్టి, అదే వరస. పైకి ఉన్న ఈక పోగులు ఫోమ్ కింద అణిగి పక్కలకు తిరుగుతాయి, కాళ్ళలా. మిగిలిన ఫోమ్‌ను ఒక 2 మిల్లీమీటర్లు ఉంచి కోసేస్తే అదే తల.

ఫ్లైని తలకిందులు చేసి, కింద వేలాడే ఈక పోగులన్నీ హుక్ మొన ఎత్తుకు మించకుండా చదునుగా కత్తిరించండి. కష్టపడి చుట్టిన ఈకను కోయడానికి మొదట్లో చెయ్యి రాదు. కోయండి. ఈ ఒక్క కోతతోనే ఫ్లై పొట్ట నీళ్ళకు ఆనుతుంది.

ముడి

చివరి ముడి దారాన్ని దాని కిందికే దూర్చి బిగించేది. వేళ్ళతో వేసే పద్ధతి ఇది. దారాన్ని ఎడమ చేత్తో కిందికి పట్టుకోండి. కుడి చేతి చూపుడు వేలు, నడిమి వేలు దారం మీద ఆనించి చెయ్యి తిప్పితే దారం 4 అంకెలా మడత పడుతుంది. ఆ 4లో అడ్డగీత కాడ వెంట పడుకోవాలి, నిలువు గీత దాని మీద నుంచి చుట్టుకోవాలి. ఐదు చుట్లు వేశాక వేళ్ళు తీసి, లూపును సూదితో పట్టుకుని దారం లాగండి. లూపు మూసుకోబోతుండగా సూది తప్పించండి.

ఇది రాత్రికి రాత్రి రాదు. వచ్చేదాకా రీఫిల్ గొట్టం వాడండి. దారాన్ని గొట్టం కొసకు ఒక్కసారి చుట్టి, గొట్టం నోటిని హుక్ కంటికి తొడిగి, చుట్టును నెమ్మదిగా తల మీదికి జార్చి లాగితే ఒక ముడి. ఇలాంటివి నాలుగు వేస్తే చేప పళ్ళకు కూడా నిలుస్తాయి. దారం కత్తిరించి, సూది మొనతో నెయిల్ పాలిష్ చుక్క ముడి మీద పెట్టండి. కంట్లోకి పారితే ఆరకముందే ఈక పోగు ఒకటి దూర్చి లాగేయండి.

మొదటి ఫ్లైకి గంట పడుతుంది. ఇరవయ్యోది పావుగంటలో అవుతుంది.

గ్లాసు పరీక్ష

నిజమైన ఉసిళ్ళను వేసి చూసిన ఆ గాజు గ్లాసులోనే మీ ఫ్లైని వేయండి. కింద నుంచి చూడండి. పొట్ట మొత్తం నీటికి ఆనిందా, రెక్కలు రెండు వైపులా పరుచుకున్నాయా, హుక్ మొన కిందికే ఉందా? పక్కకు ఒరిగితే ఒకవైపు రెక్క బరువైంది, చెక్కండి. వెనక మునిగి తల పైకి లేస్తే పొట్ట ఫోమ్ మరీ సన్నం, మళ్ళీ కట్టాలి. నేను ఇప్పటికీ ప్రతి ఫ్లైనీ ఇలా వేసి చూశాకే డబ్బాలో పెడతాను. బల్ల మీద అందంగా కనిపించిన ఫ్లైలు గ్లాసులో తల్లకిందులుగా తేలడం ఎన్నోసార్లు చూశాను.

నీటి దగ్గర

విశాఖ చుట్టూ ఉన్న పెద్ద జలాశయాలు, మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ, రైవాడ, తాటిపూడి, ఊరికి తాగునీరిచ్చేవి. ఎక్కడైనా గాలం వేసే ముందు అక్కడి వాళ్ళను అడిగి, అనుమతి తీసుకునే దిగండి. పల్లె చెరువుల్లో చేపలను వేలంలో పాడుకున్నవాళ్ళు ఉంటారు, వాళ్ళకు ఒక మాట చెబితే సంతోషంగా ఒప్పుకున్న సందర్భాలే నాకు ఎక్కువ. ఉరుము వినబడితే మాత్రం రాడ్ కింద పెట్టి నీటికి దూరంగా వచ్చేయండి. ఫ్లై రాడ్‌లు ఎక్కువగా గ్రాఫైట్‌తో చేస్తారు, దాంట్లోంచి కరెంటు పోతుంది. వాన పడ్డ గట్ల మీద పాములు తిరుగుతాయి, టార్చ్, బూట్లు తప్పనిసరి.

ఫ్లై రాడ్ లేకపోయినా పని ఆగదు. జపాన్‌లో టెంకారా అని రీలు లేకుండా, కర్ర కొసకే లైను కట్టి ఫ్లై వేసే పద్ధతి ఉంది. మన సన్నటి వెదురు కర్రతో అదే చేయొచ్చు. లైను కర్రంత పొడవు, చివర ఒక మీటరు 0.18 మిల్లీమీటర్ల సన్న నైలాన్ కట్టండి. కొర్రమీను ఉన్న చోట అయితే ఇంతకంటే లావుది కావాలి.

వాన వెలిసి, గాలి ఆగి, ఉక్కగా ఉన్నప్పుడు పుట్టల్లోంచి ఉసిళ్ళు లేస్తాయి. నీటి మీద కొమ్మలు వాలిన చోటు, గట్టు అంచు చూసుకోండి. ఫ్లైని చేప లేచిన చోటుకు ఒక అడుగు అవతల దించి, ఇక కదపకండి. రెక్కలు అతుక్కుపోయిన ఉసిలి ఈదదు. లైను లాగడం వల్ల ఫ్లై వెనక చిన్న గీత పడినా పరిగె దగ్గరికి రాదు. ఏమీ జరగకపోతే ఇరవై దాకా లెక్కపెట్టి, ఒక్కసారి కొస మాత్రం వణికించండి, కాళ్ళు కొట్టుకున్నట్టు. నీటి మీద బుడుంగుమంటే వెంటనే గుంజకుండా, లైను బిగిసే దాకా ఆగి కర్ర ఎత్తండి.

ఇంటికొచ్చాక

విశాఖ ఉప్పుగాలికి మొదట తుప్పు పట్టేది హుక్కే. వాడిన ఫ్లైలను మంచినీళ్ళలో కడిగి, రాత్రంతా ఫ్యాన్ కింద ఆరబెట్టి, మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి మూయండి. ఈకల డబ్బాలో నాఫ్తలీన్ ఉండలు వేయండి. ఫోమ్ ఉన్న ఫ్లైల దగ్గర మాత్రం వాటిని పెట్టకండి, ఫోమ్ మెత్తబడి ఆకారం పోవచ్చు.

రెక్కలు చిరిగిన ఫ్లైలు పారేయకండి. నీళ్ళలో పడకుండా నేలకు దిగిన ఉసిలి తన రెక్కలను తానే రాల్చేసుకుంటుంది. వాన జోరు మీదుంటే అలాంటి ఒట్టి ఒళ్ళు కూడా గట్టు మీద నుంచి నీళ్ళలోకి కొట్టుకొస్తాయి. ఆ పీచును మొదలంటా కత్తిరించి, ఈకను ఇంకాస్త పొట్టి చేసి వేరే డబ్బాలో పెట్టుకోండి. ఉసిళ్ళు ఎగరడం ఆగిపోయిన తర్వాతి గంటలో అవే వేయాలి.